శత్రువా, జర ఆగు!

తూంకుంటలో రాజీవ్ రహదారి పక్కన చాయ్ హోటల్ ముందు కుర్చీ వేసుకుంటే దేశ రక్షణ పావుగంటలో అర్థమైపోతుంది. హకీంపేట వైమానిక స్థావరం నుంచి లేచిన శిక్షణ విమానం నెత్తిమీద చక్కర్లు కొడుతుంటుంది. అదే హకీంపేటలో సీఐఎస్ఎఫ్ వాళ్ల జాతీయ అకాడమీ. సికింద్రాబాద్ వైపు పోయేకొద్దీ కంటోన్మెంటు గోడలు, రక్షణ శాఖ భూమి అని రాసిన బోర్డులు. మాకు సైన్యమంటే టీవీలో కవాతు కాదు, పక్కిల్లు. పక్కింట్లో గిన్నె కిందపడితే మనకు వినపడదూ! అట్లాంటి చప్పుడొకటి మొన్న ఆదివారం మా చాయ్ హోటల్లో వినబడింది.

చప్పుడు చేసింది ఒక ప్లాస్టిక్ తుపాకీ.

మా హవల్దారు మామ మనవణ్ణి వెంటేసుకుని వచ్చాడు. ఫౌజులో హవల్దారుగా దిగిపోయి ఊరికొచ్చిన నాటినుంచి ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. పిల్లవాడి చేతిలో కీసరగుట్ట జాతరలో కొన్న తుపాకీ ఉంది. మీట నొక్కితే ఎర్ర లైటు, పచ్చ లైటు, నీలం లైటు వంతులవారీగా వెలుగుతాయి. గొట్టం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. లోపలినుంచి ఎవరో "గో గో గో, ఫైర్ ఫైర్" అని గొంతు చించుకుంటాడు. అంతరిక్షంలో పరాయి గ్రహాల మీద దండెత్తే దళానికి నాయకుడెవరో ఉన్నాడట, ఇది ఆయనగారి ఆయుధమట. అట్టపెట్టె మీది బొమ్మ ఆ సంగతే చెబుతోంది.

మామ దాన్ని అందుకున్నాడు. అందుకున్న తీరు చూడాలి. ముందు మూతిని నేలవైపు తిప్పాడు. చూపుడువేలు మీట మీద పడకుండా పక్కకు చాచి పెట్టుకున్నాడు. లోపల తూటా లేదని తేల్చుకోవడానికి, ఆ బొమ్మకు లేనే లేని గది కోసం బొటనవేలితో తడిమాడు. ఆ తర్వాతే దాన్ని తిప్పి చూశాడు. చూసి ఆగిపోయాడు.

"అరె, గిది నాది గదరా!"

"నీదెట్లయితది తాతా, నాకే కొనిచ్చినవ్ గద," పిల్లవాడి మొహం చిన్నబోయింది.

"గట్ల కాదు బిడ్డా. మ్యాగజైన్ సూడు. అన్ని తుపాకులకు కిందికుంటది, దీనికి ఎడమ పక్కకున్నది. మా ఫౌజుల గిట్లుండేది కార్బైన్ ఒక్కటే. సెక్షన్ కమాండర్ అయినంక నా మెడల ఏలాడింది గిదే."

నవ్వకండి. మామ చెప్పింది అక్షరాలా నిజం.

స్టెర్లింగ్ అనేది బ్రిటిష్ సైన్యం 1953లో తీసుకున్న 9 ఎంఎం సబ్‌మెషిన్ గన్. అదే మన కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో 9 ఎంఎం కార్బైన్‌గా తయారైంది. దళంలో మిగతావాళ్ల భుజాన పొడుగాటి రైఫిలుంటే, దళాన్ని నడిపే సెక్షన్ కమాండర్ చేతికి ఈ పొట్టి తుపాకీ ఇచ్చేవారు. అటు సైగ చేయాలి, ఇటు మ్యాపు చూడాలి, వైర్‌లెస్‌లో మాట్లాడాలి, మధ్యలో కాల్చాలి. అందుకని పొట్టిది. 1977లో 'స్టార్ వార్స్' సినిమా తీసేవాళ్లు ఏంచేశారంటే, ఇవే స్టెర్లింగులను తెచ్చి, మ్యాగజైన్‌ను కురచ చేసి, పైన పాత దుర్భిణి ఒకటి బిగించి, తెల్లకవచాల సైనికుల చేతికిచ్చారు. దానికి ఈ-11 బ్లాస్టర్ అని పేరు పెట్టారు. ప్రపంచం నోరెళ్లబెట్టి చూసింది. ఎక్కడో సుదూర నక్షత్ర మండలంలో లేజరు కిరణాలు కక్కిన ఆయుధమూ, మన చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు భుజాన తుప్పు వాసన కొట్టిన ఆయుధమూ ఒక తల్లి పిల్లలే.

1986లో వచ్చిన 'ఏలియన్స్' సినిమాలోనూ ఇదే తంతు. అంతరిక్ష మెరైన్లు వాడే పల్స్ రైఫిల్‌కు ఎన్ని తూటాలు మిగిలాయో చూపే ఎర్రంకెల తెర ఉంటుంది. తొడుగు విప్పి చూస్తే లోపల రెండో ప్రపంచ యుద్ధం నాటి థాంప్సన్ గన్. సినిమావాళ్లకు తెలిసిన రహస్యం ఇదే. పని చేసే పాత ఇనుము ఏదో ముందు సంపాదించు, కల దానికి తొడుగు.

మన ఢిల్లీ వాళ్లు ముందు కలను కాగితం మీద పూర్తిగా రాసుకున్నారు. ఇనుము తర్వాత చూద్దామన్నారు. సినిమావాళ్లు పాత తుపాకీతో కొత్త కలను చేశారు, మనవాళ్లు కొత్త కలతో పాత తుపాకీనే మిగిల్చారు.

ఈ కథకు మొదటి సంపుటం ఇన్సాస్, అంటే ఇండియన్ స్మాల్ ఆర్మ్స్ సిస్టమ్. పేరులోనే ఉంది, అదొక రైఫిలు కాదు, ఒక వ్యవస్థ. రైఫిలు, ఎల్‌ఎంజీ అనే తేలికపాటి మెషిన్ గన్, కార్బైన్ అని మూడు రావాలి. రైఫిలు వచ్చింది, 1998లో రిపబ్లిక్ డే కవాతులో కూడా నడిచింది. మరుసటి ఏడాదే కార్గిల్ చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. ఎల్‌ఎంజీ కూడా వచ్చింది. కార్బైన్ మాత్రం సైన్యం మెప్పు పొందలేక మధ్యలోనే ఆగిపోయింది. అంటే పెళ్లికి పల్లకీ వచ్చింది, బాజాలు వచ్చాయి, పెళ్లికొడుకే రాలేదు. దళ నాయకుడు మాత్రం పాత స్టెర్లింగూ, దొరికినప్పుడు ఏకే-47 పట్టుకుని తిరిగాడు.

రెండో సంపుటం పేరు ఎఫ్-ఇన్సాస్. ఎఫ్ అంటే ఫ్యూచరిస్టిక్, రాబోయే కాలం. శిరస్త్రాణంలో తెర, ఒంటి మీద కంప్యూటరు, జీపీఎస్, చేతిలో రకరకాల తూటాలు పేల్చే రైఫిలు. 2020 కల్లా పదాతి సైనికుడు ఇట్లా తయారవుతాడన్నారు. వార్తాపత్రికల్లో బొమ్మలు కూడా వేశారు. మా కాలనీ పిల్లలు కత్తిరించి గోడకు అంటించుకునేంత అందంగా ఉండేవి.

ఆ కలకు గుండెకాయ మల్టీ క్యాలిబర్ రైఫిలు. ఒకే తుపాకీ. బ్యారెల్ మార్చితే 5.56 ఎంఎం తూటా, ఇంకో బ్యారెల్ బిగిస్తే ఏకే-47 పేల్చే 7.62 ఎంఎం తూటా. 2011లో టెండరు పిలిచారు, దాదాపు 65 వేల తుపాకుల కోసం. దేశదేశాల కంపెనీలు తమ తుపాకులు పట్టుకొచ్చాయి. ఏళ్లతరబడి పరీక్షలు జరిగాయి. సైన్యం కోరినట్టు ఒక్కటీ లేదని 2015లో టెండరు రద్దు చేశారు.

ఎందుకు లేదో అడిగితే మామ ఒక్క ముక్కలో చెప్పాడు. "బ్యారెల్ మారిస్తే జీరోయింగ్ మల్లా చెయ్యాలె అల్లుడా. అంటే గురి మల్లా కుదురబెట్టుకోవాలె. దానికి రేంజ్ కావాలె, టార్గెట్ కావాలె, తీరిక కావాలె. రెండో బ్యారెల్ ఎవడు మోస్తడు? ఎదురుంగ తుపాకి పట్టుకొని నిలబడ్డోనికి, జర ఆగు బిడ్డా, బ్యారెల్ మారుస్తున్న అంటమా?"

ఈ కోరికల జాబితాకు సైన్యంలో ఒక ముద్దుపేరుంది, జీఎస్‌క్యూఆర్. ఆయుధం ఎట్లా ఉండాలో చెప్పే గుణగణాల పత్రం. అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వాటిని చూసి, కొన్ని నేరుగా మార్వెల్ కామిక్ పుస్తకాల్లోంచి దిగినట్టున్నాయని బహిరంగంగానే అన్నాడు. ప్రతిపక్షం అంటే రాజకీయం అనుకోవచ్చు. ఆ శాఖ మంత్రే అన్నాడంటే మన దేశంలో సైన్స్ ఫిక్షన్ లేదని బాధపడే సాహితీ విమర్శకులు సిగ్గుపడాలి. ఉంది. రక్షణ శాఖలో, మూడు ప్రతుల్లో, ఎర్రటేపు కట్టి ఉంది.

అసలు ఇట్లాంటి కాగితం ఎట్లా పుడుతుందో తెలుసుకుందామని మేం అక్కడికక్కడే చాయ్ హోటల్ కమిటీ వేశాం. అధ్యక్షుడు హవల్దారు మామ. అంశం, పిల్లవాడికి వచ్చే జాతరకు కొనాల్సిన తుపాకీ.

ప్లాట్ల బ్రోకరు మొదలుపెట్టాడు. "దూరం కొట్టాలె, శామీర్‌పేట చెరువు అవతలి గట్టు దాకా. ఫ్యూచర్ వాల్యూ ఉండాలె." లారీ డ్రైవరు, "టార్చిలైటు, హారను ఉండాలె అన్నా, రాత్రి పూట పనికొస్తది," అన్నాడు. ఫంక్షన్ హాలు మేనేజరుకు బరాత్‌లో ఎత్తి పట్టుకుంటే అందంగా కనిపించడం ముఖ్యం, ఫొటోగ్రాఫరు కోసం బంగారు రంగు కావాలన్నాడు. వార్డుకు నిలబడి ఓడిపోయిన నాయకుడు, స్వదేశీ అయి ఉండాలని పట్టుబట్టాడు, కాకపోతే విదేశీ నాణ్యత తగ్గకూడదట. హోటల్ యజమాని, "బరువుండొద్దు, పోరడు మొయ్యాలె గద," అన్నాడు. అప్పుడు బ్రోకరు, "బరువు లేకుంటే ఎవడు భయపడ్తడు?" అని లేచాడు. అందరివీ రాసుకున్నాం. తేలికగా ఉండాలి, బరువుగా ఉండాలి అని పక్కపక్కనే రాశాం. ధర పాత తుపాకీ ధరే, నూటయాభై.

ఒక సంగతి అప్పుడు తెలిసింది. జాబితాలో కోరిక చేర్చడానికి ఎవరూ ఏమీ కోల్పోవాల్సిన పని లేదు. చేర్చినవాడు తెలివైనవాడు. తీసేయమన్నవాడు దేశభక్తి తక్కువవాడు. అందుకే జాబితా పెరుగుతుందే తప్ప తరగదు. చేర్చడానికి ఒక సంతకం చాలు, కొనడానికి అందరి సంతకం కావాలి. 1986 నాటి బోఫోర్స్ ఫిరంగుల ఒప్పందం మీద లేచిన దుమారం చూశాక, కొన్న సంతకం ఎన్ని తరాలు వెంటాడుతుందో ప్రతి ఆఫీసరుకూ తెలిసొచ్చింది. కొన్నవాడు జవాబు చెప్పుకోవాలి. కొననివాడికి పెన్షను.

కనుక కొనకుండా ఉండటమెట్లాగో మనవాళ్లు ఒక కళగా సాధన చేశారు. కార్బైన్ సంగతే చూడండి. 44,618 కార్బైన్ల కోసం 2010 ప్రాంతంలో మొదలుపెట్టిన వేట ఏళ్లు సాగి, పోటీలో చివరికి ఒక్క అమ్మకందారే మిగిలాడన్న కారణంతో ఆగింది. పరీక్షలు పెట్టిందే అందరినీ వడకట్టడానికి. వడకడితే ఒకడు మిగిలాడు. ఒకడే మిగిలాడు కనుక పనికిరాదు! స్వయంవరంలో మత్స్యయంత్రం కొట్టినవాడు ఒక్కడే కాబట్టి పెళ్లి రద్దు అన్నట్టు. 2018లో అత్యవసరం, ఫాస్ట్ ట్రాక్ అని పేరుపెట్టి 93,895 కార్బైన్లకు ఎమిరేట్స్ కంపెనీ కారకల్‌ను ఎంచారు. ఆ ఫాస్ట్ ట్రాక్ రెండేళ్లు పరుగెత్తి 2020లో రద్దయింది. ఆ తర్వాత అదే కారకల్‌తో మన హైదరాబాద్ కంపెనీ ఐకామ్ చేతులు కలిపింది. వద్దన్న సంబంధం మేనరికంలా మళ్లీ ఇంటికొచ్చింది. చివరికి 2025 డిసెంబరులో, ఇంకో టెండరు కింద, 4.25 లక్షల కార్బైన్లకు స్వదేశీ కంపెనీలతో ఒప్పందం కుదిరింది. మంచిదే. వేట మొదలైన రోజు ఊయలలో ఉన్న పిల్లాడు ఈ కార్బైన్లు పూర్తిగా చేరేసరికి సైన్యంలో చేరే వయసుకొస్తాడు.

ఈలోపు ఫ్యూచరిస్టిక్ సైనికుడేమయ్యాడంటారా? వచ్చాడు. 2022 ఆగస్టు 16న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ చేతుల మీదుగా ఎఫ్-ఇన్సాస్‌ను సైన్యానికి అప్పగించారు. శిరస్త్రాణం ఉంది, కవచం ఉంది, రాత్రిపూట చూసే అద్దాలున్నాయి. చేతిలో ఉన్నది ఏకే-203. అంటే 1947 నాటి కలాష్నికోవ్ గారి మనవడు. రకరకాల తూటాలు కాదు, ఒకే తూటా. మన స్వాతంత్ర్యం వయసున్న తాతకు మనవణ్ణి కని, వాడికి రాబోయే కాలమని పేరు పెట్టుకున్నాం. ఆ మనవడిదీ తీరికైన నడకే. అమేఠీ దగ్గర కోర్వాలో ఫ్యాక్టరీకి 2019 మార్చిలో ఆర్భాటం జరిగింది, 6,01,427 తుపాకుల కొనుగోలుకు సంతకాలు పడింది 2021 డిసెంబరులో. మధ్యలో సరిహద్దులో అవసరం పడి అమెరికా నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లు తెప్పించుకున్నాం. ఇన్సాస్‌ది ఒక తూటా, ఏకేది ఒకటి, సిగ్‌ది ఇంకొకటి. ఒకే తుపాకీలోంచి రకరకాల తూటాలు పేల్చాలన్న కోరిక అలా తీరింది. తుపాకులే రకరకాలవయ్యాయి!

ఈ జబ్బు మనకొక్కరికే ఉందనుకుని కుమిలిపోనక్కర్లేదు. అమెరికావాళ్లు కూడా గాలిలోనే లెక్కకట్టి పేలే గుండును, మామూలు తూటాను ఒకే తుపాకీలో ఇరికించాలని 1990లలో బయల్దేరారు. ఎక్స్ఎం-29 అని పేరు. ఎనిమిది కిలోల బరువు తేలాక దాన్ని వదిలేశారు. అందులోంచి విడదీసిన ఎక్స్ఎం-25 గ్రెనేడ్ తుపాకీని కూడా 2018లో అటకెక్కించారు. తేడా ఏమిటంటే వాళ్ల సైనికుడికి ఈలోపు పాత రకం తుపాకీలోనే కొత్తది ఇస్తూనే ఉన్నారు. మనవాడికి పాత తుపాకీ పాతదే.

ఇక మన సినిమావాళ్ల వైపు చూడండి. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'కి బుజ్జి అనే బండి కావాలన్నాడు. మహీంద్రా ఇంజనీర్లూ కోయంబత్తూరు జయెం కంపెనీవాళ్లూ కూర్చుని, నిజంగా నడిచే బండినే చేసిచ్చారు. 2024 మేలో రామోజీ ఫిల్మ్ సిటీలో జనం ముందు నడిపించి చూపించారు కూడా. 2898 నాటి బండి 874 ఏళ్లు ముందే డెలివరీ అయింది. 2010 నాటి కార్బైన్ పదిహేనేళ్లు ఆలస్యంగా సంతకాల దాకా వచ్చింది. ఇందులో ఏది కల్పనో, ఏది వాస్తవమో సెన్సారు బోర్డు తేల్చాలి.

చేతకాదా అంటే, చేతనవుతుంది. అదే బాధ. 2024 జనవరిలో 'ఉగ్రం' అనే రైఫిలును బయటికి తెచ్చారు. పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఆర్‌డీఈ, మన హైదరాబాద్ కంపెనీ ద్వీప ఆర్మర్ కలిసి చేశాయి. 7.62 ఎంఎం, నాలుగు కిలోలలోపు బరువు, ఐదొందల మీటర్ల దూరం. వంద రోజుల్లోపే చేశామని చెప్పుకున్నారు. వంద రోజులు! బ్యారెల్ మార్చే మాయల్లేవు, తెరల్లేవు, రంగుల్లేవు. ఏం కావాలో ఒక పేజీలో రాసుకుంటే ఇనుము వంద రోజుల్లో వంగుతుంది. ఏం కావాలో వంద పేజీల్లో రాసుకుంటే పదిహేనేళ్లకూ వంగదు. ఇక ఆ వంద రోజుల తుపాకీ పరీక్షలకు, కమిటీలకు, సంతకాలకు ఎన్ని వందల రోజులు పడుతుందో ఆ లెక్క వేరు.

మా తూంకుంటవాళ్లకు ఈ లెక్కలో అనుభవం ఎక్కువ. హోటల్ ముందున్న ఈ రాజీవ్ రహదారినే చూడండి. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్ వేస్తామని ప్రభుత్వాలు మారినా మాట మారకుండా చెబుతూ వచ్చాయి. అడ్డమేమిటంటే రక్షణ శాఖ భూమి. ఏళ్లకేళ్లు లేఖలు, విన్నపాలు. చివరికి 2024 మార్చి మొదట్లో కేంద్రం సరేనంటే, అదే వారం ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అల్వాల్‌లో దాదాపు 18 కిలోమీటర్ల దారికి శంకుస్థాపన చేశారు. ఈలోపు మా ఊరు గ్రామ పంచాయతీగా ఉండి, మున్సిపాలిటీ అయి, 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిసింది. ఊరి బోర్డు రెండుసార్లు రంగు మార్చింది. ఆ దారి ఫైలుకు మాత్రం శంకుస్థాపన దాకా అదే టేపు, అదే ముడి. కనుక రక్షణ శాఖ తుపాకీ ఎందుకు ఆలస్యమైందని మమ్మల్ని ఎవరూ అడగరు. మేం ఎవరినీ అడగం. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు ముందున్న బండిని తిట్టడు, తనూ ట్రాఫిక్కే అని తెలుసు గనుక.

కమిటీ సమావేశం ముగిసేసరికి చాయ్ చల్లారింది. పిల్లవాడు తాత చేతిలోంచి తుపాకీ లాక్కుని మీట నొక్కాడు. ఎర్ర లైటు ఒకసారి మినుకుమని ఆరిపోయింది. లోపలివాడు "గో గో" అన్నాడు, మూడో "గో" గొంతులోనే లాగి లాగి చచ్చిపోయింది. సెల్లులు అయిపోయాయి.

"తాతా, కొత్త సెల్లులెప్పుడు తెస్తవ్?"

మామ మా కమిటీ కాగితం వైపు చూశాడు. తేలికగా ఉండాలి, బరువుగా ఉండాలి, స్వదేశీ కావాలి, ధర నూటయాభై. ఎడమ చేతితో మీసం సవరించుకుని, అచ్చం ఢిల్లీ గొంతుతో, "టెండర్ ఏస్తున్నం బిడ్డా," అన్నాడు.

పిల్లవాడికి అది అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగలేదు కూడా. రోడ్డువైపు తిరిగి, ఆరిపోయిన తుపాకీని భుజానికి ఆనించి, నోటితో "ఢాం ఢాం" అన్నాడు.

మేమంతా నవ్వాం. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ దగ్గర ఎన్‌కౌంటరులో పిస్టలు మొరాయించి, ఒక ఎస్సై నోటితో "ఠాయ్ ఠాయ్" అని అరిచినప్పుడు దేశమంతా నవ్వింది కదా, అట్లాగే. మామ ఒక్కడే నవ్వలేదు. వంగి, పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని, మీట మీదినుంచి నెమ్మదిగా తీసి పక్కకు చాపి పెట్టాడు.

"సెల్లులున్నా, లేకున్నా," అన్నాడు, "ఏలు మాత్రం గిక్కడనే ఉండాలె."